వంకర వెన్నుతో పుట్టిన వంకీ

వంకర వెన్నుతో పుట్టిన పాము పిల్ల బతుకుతుందా అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే. వంకర ఎక్కడుంది? మెడ దగ్గరా, నడుం మధ్యనా, తోకలోనా? అది తెలిశాకే మిగతా మాటలు. ఈ సంగతి నాకు నేర్పింది వంకీ. మా ఇంట్లో పొదిగించిన కార్న్ స్నేక్ గుడ్లలో అన్నిటికంటే ఆఖరున చీలిన గుడ్డులోంచి వచ్చిన పిల్ల అది. పేరు పెట్టింది మా తమ్ముడు.

కార్న్ స్నేక్ అంటే తెలియనివాళ్ళకి కాస్త పరిచయం. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు పాము. విషం లేదు. ఎలుకల్ని చుట్టేసి, బిగించి చంపి తింటుంది. స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ 1766లోనే దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. నెమ్మదస్తురాలు కాబట్టి ప్రపంచంలో ఇళ్ళల్లో ఎక్కువగా పెంచే పాముల్లో ఇదొకటి. బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్ళు ఉంటుంది. లోపంతో పుట్టిన పిల్లని నిలబెట్టుకుందాం అనుకునేవాళ్ళు ఈ ఇరవై ఏళ్ళ మాటని మొదటి రోజే మనసులో పెట్టుకోవాలి.

గుడ్లని 28 డిగ్రీల దగ్గర, తేమ పోకుండా ఉంచితే రెండు నెలలకి అటూ ఇటూగా చీలతాయి. కోడిగుడ్డులా పెళుసు పెంకు ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది. పిల్లకి ముక్కు కొసన చిన్న పన్ను ఉంటుంది, దానితో లోపలినుంచి పెంకుని గీస్తుంది. ఆ పన్నుకి మరో పని లేదు, కొద్ది రోజుల్లో రాలిపోతుంది. గీత పడగానే పిల్ల బయటికి దూకదు. ముక్కు ఒక్కటే బయటపెట్టి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు లోపలే కూర్చుంటుంది. చూసేవాళ్ళకి ఆ సమయం చాలా టెన్షన్. పాపం ఇరుక్కుపోయిందేమో, సాయం చేద్దామా అనిపిస్తుంది. చేయకూడదు. ఆ వేళలో పిల్ల గాలి పీల్చడం అలవాటు చేసుకుంటూ, మిగిలిన పచ్చసొనని పొట్టలోకి లాక్కుంటూ ఉంటుంది. గుడ్డు వదిలాక మొదటి కొన్ని రోజులు దానికి తిండి ఆ సొనే.

వంకీ ఆ పని పూర్తి చేసుకోకుండానే బయటికి వచ్చేసింది. ఇంక్యుబేటర్ మూత తీసేసరికి గుడ్ల కింద తేమ కోసం పరిచిన తడి వర్మిక్యులైట్ అనే ఖనిజపు పొట్టు మీద పడి ఉంది, పొట్ట కిందనుంచి చిన్న సంచి వేలాడుతోంది. ఆరేడు మిల్లీమీటర్ల సంచి, పసుపు రంగు, దాని మీద వెంట్రుకల కంటే సన్నటి ఎర్రటి రక్తనాళాలు. దీపం దగ్గర పెట్టి చూస్తే ఆ నాళాల్లో రక్తం కదులుతోంది కూడా. "అక్కా, దీనికి పేగు బయటికొచ్చిందా?" అన్నాడు తమ్ముడు. పేగు కాదురా, దాని భోజనం అని చెప్పాను. చెప్పానే గానీ నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

సొన సంచి బయట ఉండిపోయిన పిల్లని చూసినప్పుడు మనిషికి వచ్చే ఆలోచనలు మూడు: కోసేద్దాం, లాగేద్దాం, లోపలికి నెట్టేద్దాం. మూడూ ప్రాణం తీసేవే. సంచి పిల్ల రక్తప్రసారంతో కలిసి ఉంటుంది. కోస్తే రక్తం పోతుంది, లాగితే లోపలి భాగాలు చిరుగుతాయి, నెడితే బొడ్డు రంధ్రంలోంచి మురికి కూడా లోపలికి పోతుంది. చేయాల్సింది చాలా తక్కువ, కానీ ఆ తక్కువని ఓపిగ్గా చేయాలి. గాలి రంధ్రాలున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా, అడుగున తడి టిష్యూ, ఇంక్యుబేటర్‌లో ఉన్న వేడే ఇక్కడా. కొబ్బరిపొట్టు, చెక్కపొట్టు లాంటివేవీ వద్దు, అవి సంచికి అంటుకుంటాయి, అంటుకున్నదాన్ని పిల్ల ఈడ్చుకుంటూ తిరిగి సంచి చింపుకుంటుంది. టిష్యూ తెల్లదే వాడాలి. పూలబొమ్మలు, రంగులు ఉన్నది వద్దు. తెల్లదాని మీదైతే ఏ మరక పడినా వెంటనే తెలుస్తుంది. పసుపు మరకైతే సొన కారుతోంది, ఎరుపైతే రక్తం, ఆకుపచ్చ బూడిద రంగు కలిసి వాసన వస్తే చీము. కాచి చల్లార్చిన నీళ్ళతో పొద్దున, సాయంత్రం కొత్త టిష్యూ వేసేదాన్ని. పాత టిష్యూని పారేసే ముందు కిటికీ దగ్గర వెలుగులో విప్పి చూసేదాన్ని, వాసన చూసేదాన్ని. ఈ పని అందరికీ నచ్చదు. కానీ కొన్ని గ్రాములే ఉన్న ప్రాణి తన బాధ చెప్పుకునే దారి ఇదొక్కటే.

మాకు సరీసృపాలని చూసే డాక్టర్ ఒకావిడ ఉన్నారు. ఫొటోలు పంపగానే ఫోన్ చేశారు. "సంచి తనంతట తను కుంచించుకుపోతే మనం ముట్టుకోవద్దమ్మా. ఎండిపోయి, మొదలు దారంలా సన్నబడితే తీసుకురండి, నేను ముడి వేసి తీసేస్తాను. బొడ్డు చుట్టూ వాచినా, ఎర్రబడినా, పొట్ట కింద రంగు మారినా ఆ పూటే తీసుకురండి" అన్నారు. అదృష్టం కొద్దీ ముడి వేసే అవసరం రాలేదు. సంచిలో చాలా భాగం పొట్టలోకి వెళ్ళింది, మిగిలిన చిన్న తోలుముక్క ఎండి, టిష్యూ మీద రాలింది. బొడ్డు దగ్గర రెండు పొలుసుల మధ్య సన్నటి చీలిక మిగిలింది. ఆవిడ చెప్పిన కొలత ప్రకారం బాగా పలచన చేసిన పోవిడోన్ అయోడిన్ అనే క్రిమినాశక మందుని దూది పుల్లతో అక్కడ తాకించేదాన్ని. చీలిక మూసుకుపోయింది.

వంకర కనబడింది ఆ తర్వాతే.

అప్పటిదాకా వంకీ చుట్ట చుట్టుకునే ఉండేది, చుట్టలో ఉన్న పాముకి వంకరేంటి, తిన్ననేంటి. టిష్యూ మారుస్తుంటే మొదటిసారి ఒళ్ళు చాపి డబ్బా గోడ వెంట పాకింది. తలనుంచి మూడింట రెండు వంతులు దాటాక, బొడ్డు మచ్చకి కాస్త ముందు, ఒళ్ళు ఒక్కసారిగా కుడివైపుకి విరిగి మళ్ళీ ఎడమకి తిరుగుతోంది. కుట్టు దగ్గర గుడ్డ ముడుచుకున్నట్టు ఉంది ఆ చోటు. పాకుతున్నప్పుడు మిగతా ఒళ్ళంతా అలలా సాగుతుంది, ఆ అర సెంటీమీటరు మాత్రం సాగదు, అలాగే గట్టిగా ముందుకి జరుగుతుంది. తిప్పి చూస్తే పొట్ట కింద పలకలు కూడా అక్కడ క్రమం తప్పాయి. పాము పొట్ట మీద అడ్డంగా వరసగా ఉండే పలకలు దాదాపు ఒక్కో వెన్నుపూసకి ఒకటి చొప్పున ఉంటాయి. వెన్నుపూస సరిగ్గా ఏర్పడని చోట పలక కూడా సగమే ఏర్పడి, ఎదుటివైపు సగం దానితో కలవకుండా పక్కకి జరుగుతుంది. వంకీకి అలాంటి సగం పలకలు కనిపించాయి. అంటే ఇది పుట్టాక తగిలిన దెబ్బ కాదు, గుడ్డులో ఒళ్ళు తయారవుతున్నప్పుడే వచ్చిన లోపం.

ఎందుకొస్తుంది? పొదిగేటప్పుడు వేడి మరీ ఎక్కువైనా, మాటిమాటికీ పడిపోతూ లేస్తూ ఉన్నా రావచ్చు. తేమ తేడా కావచ్చు. దగ్గరి రక్తసంబంధం ఉన్న పాముల్ని జత కట్టించినా ఎక్కువగా వస్తాయి. ఒకే ఈతలో చాలా పిల్లలకి వస్తే ఇంక్యుబేటర్‌నీ, జతనీ అనుమానించాలి. వంకీ తోబుట్టువులన్నీ తిన్నగా ఉన్నాయి. ఒక్క గుడ్డులో ఒక్క పిల్లకి ఎందుకు ఇలా అయిందో డాక్టర్ గారు కూడా చెప్పలేమన్నారు. కారణం దొరకనప్పుడు దాని చుట్టూ తిరగడం నేను మానేస్తాను, దానివల్ల పిల్లకి ఒరిగేదేమీ లేదు.

చాలా ఏళ్ళుగా పాముల్ని పెంచుతున్న ఒక అన్నకి ఫోన్ చేశాను. ఆయన మెత్తగానే చెప్పారు, "చూడమ్మా, ఇలాంటి పిల్లల్ని నేను ఉంచను. కొన్ని వారాలు తిని, ఒక రోజు పొట్ట ఉబ్బి పోతాయి. దాన్ని కష్టపెట్టకు" అన్నారు. ఆయన మాటలో కాఠిన్యం లేదు. ఎన్నో పిల్లలు అలా పోవడం చూసిన మనిషి. ఆ మాటని కొట్టిపారేయలేను, ఎందుకంటే అది నిజంగా జరుగుతుంది. కొన్ని పిల్లలకి ఒళ్ళంతా మెలికలే ఉంటాయి, తల తిన్నగా ఎత్తలేవు, గాలి పీల్చడమే కష్టం. అలాంటి వాటిని రోజుల తరబడి సాగదీయడం ప్రేమ కాదని నేనూ అనుకుంటాను. అయితే ఆ పని పశువైద్యుల చేతుల మీదుగానే జరగాలి. ఫ్రీజర్‌లో పెట్టేస్తే నిద్రలో పోతుందని చెప్పే మాట ఇంకా తిరుగుతోంది. అలా చేయొద్దు, పశువైద్యులు దాన్ని దయగల పద్ధతిగా ఒప్పుకోరు.

కానీ వంకీ తల చక్కగా ఎత్తుతోంది. నాలుక ఆడిస్తోంది. వెల్లకిలా తిప్పితే క్షణంలో బోర్లా తిరుగుతోంది. అది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ నరాలు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి ఇంట్లో చేయగల మంచి పరీక్ష. కార్న్ స్నేక్‌లలో స్టార్‌గేజర్ అనే జన్యులోపం ఒకటుంది, అది ఉన్న పిల్లలు తల పైకి తిప్పేస్తూ, ఒళ్ళు మెలితిప్పుకుంటూ, వెల్లకిలా పడి లేవలేకపోతాయి. వంకీలో ఆ ఛాయలేమీ లేవు. వంకరకి వెనకున్న తోకని దూది పుల్లతో తాకితే చటుక్కున లాక్కుంది. అంటే వెన్నుపాము ఆ మెలికలో నలిగిపోలేదు. ఇంత చూశాక, ఇది ఉంటానంటోంది, కనీసం డాక్టర్‌కి చూపించేదాకా దీని తరఫున నేనే ఏమీ తేల్చేయకూడదు అనుకున్నాను.

ఎక్స్‌రేకి మత్తు కూడా ఇవ్వలేదు. పలచటి చిన్న డబ్బాలో, కదలడానికి చోటు లేకుండా పరిచి తీశారు. తెర మీద పెద్దదిగా చేసి చూపించారు. కార్న్ స్నేక్‌కి తోక కాకుండానే రెండు వందలకు పైగా వెన్నుపూసలు ఉంటాయి, ఒక్కోదానికి ఒక జత పక్కటెముకలు. ఆ వరసంతా అంత చిన్న ఒంట్లో అంత పొందికగా ఉంటే నాకు నోట మాట రాలేదు. వంకర చోట మూడు పూసలు ఒకదాన్నొకటి ఆనుకుని, వాటిలో రెండు అతుక్కుపోయి ఉన్నాయి. పక్కటెముకలు ఒకవైపు దగ్గరగా నొక్కుకున్నాయి.

డాక్టర్ గారు పెన్నుతో తెర మీద చూపిస్తూ చెప్పిన మాటలు నాకిప్పటికీ గుర్తు. పాము లోపలి అవయవాలన్నీ పొడుగ్గా, ఒకదాని వెనక ఒకటి వరసలో ఉంటాయి. గుండె ముందు నాలుగో వంతు దగ్గర. ఊపిరితిత్తుల్లో గట్టిగా పనిచేసేది కుడిది, అది గుండె దగ్గర మొదలై వెనక్కి సాగుతుంది. దాని పక్కన పొడుగాటి కాలేయం. ఒంటి మధ్యకి వచ్చేసరికి జీర్ణాశయం. దాని వెనక పేగు, ఆ వెనక మూత్రపిండాలు. వంకర మెడ దగ్గరుంటే ముద్ద దిగదు. గుండె, ఊపిరితిత్తి ఉన్న చోట ఉంటే ఊపిరికి ఇబ్బంది. తోకలో ఉంటే దాదాపు ఏ బాధా లేదు, చాలా పాములు తోక వంకరతో నిండు ఆయుష్షు బతుకుతాయి. వంకీకి ఉన్నది జీర్ణాశయం దాటాక, పేగు దగ్గర. "అంటే మింగడానికి, అరగడానికి అడ్డం లేదు. అరిగింది బయటికి వస్తుందా అన్నదే ప్రశ్న. దానికి జవాబు నా దగ్గర లేదు, దాని మొదటి మలం చెప్పాలి" అన్నారు.

నేను ఇంటికి వస్తూ ఆ మాటే తలుచుకున్నాను. నాకు అది చాలా ధైర్యమిచ్చింది. బతుకుతుందా బతకదా అన్న పెద్ద భయం పోయి, ఒక చిన్న పని చేతికొచ్చింది. కొంచెం తినిపించాలి, బయటికొచ్చేదాకా ఆగాలి, మళ్ళీ కొంచెం.

తిండికి ముందు కుబుసం. పిల్లలు పుట్టిన వారం పది రోజుల్లో మొదటి కుబుసం విడుస్తాయి, ఆ తర్వాతే ఆకలి చూపిస్తాయి. తోబుట్టువులన్నీ విడిచేశాక గానీ వంకీ కళ్ళు నీలంగా మబ్బుపట్టలేదు. మబ్బు విడిపోయి కళ్ళు మళ్ళీ తేటపడ్డాక కూడా కుబుసం ఊడలేదు. నేను తడి టిష్యూని వదులుగా నలిపి డబ్బాలో ఇంకొంచెం పెట్టాను, అది దాని మధ్యనుంచి పాకుతూ తలనుంచి మొదలుపెట్టి చక్కగానే ఒలుచుకుంది. వంకర దగ్గరకి వచ్చేసరికి ఆగింది. ముడతలో పొర ఉంగరంలా చుట్టుకుని ఉండిపోయింది. ఇలాంటి ఉంగరం ఎండితే బిగుసుకుంటుంది, కింద రక్తం ఆడదు. అలాగని గోటితో పీకితే కింద ఉన్న లేత చర్మం కూడా వచ్చేస్తుంది. గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన మెత్తటి గుడ్డని రెండు వేళ్ళ మధ్య వదులుగా పట్టుకుని, వంకీనే దానిలోంచి పాకనిచ్చాను. పొర అంచు గుడ్డకి పట్టుకుంది, పిల్ల ముందుకి పోయింది, ఉంగరం వెనక్కి జారింది. కళ్ళ మీద పొర మిగిలిందేమో భూతద్దంతో చూశాం, లేదు. కొత్త చర్మం కింద మచ్చలు ముదురు ఎరుపుతో మెరుస్తుంటే తమ్ముడు "ఇది మామూలు అందగత్తె కాదక్కా" అని ఒకటే మురిసిపోయాడు.

ఆ రోజు తూకం 5.4 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఆరు నుంచి ఎనిమిది గ్రాముల దాకా ఉంటాయి. గ్రాములో పదో వంతు చూపించే తూకం లేకుండా ఇలాంటి పిల్లని పెంచడం కష్టమని నా అభిప్రాయం. ఇంత చిన్న ఒంట్లో అర గ్రాము తగ్గడం అంటే పదో వంతు బరువు పోవడం. అది కంటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

మామూలుగా ఈ వయసు పిల్లకి మొదటి భోజనం పింకీ, అంటే అప్పుడే పుట్టిన వెంట్రుకలు లేని చిట్టెలుక పిల్ల. చంపి గడ్డకట్టించినవి తెచ్చి, కరిగించి, గోరువెచ్చగా చేసి ఇస్తాం. పింకీ ఒక గ్రాముకి పైనే ఉంటుంది. వంకీకి అంత వద్దన్నారు డాక్టర్ గారు. దాని బరువులో పదో వంతు లోపు చాలు, అంటే అర గ్రాము ముక్క. పింకీని కోయడం నాకు అలవాటు లేని పని. చేశాను.

తినలేదు. ముక్కని చిమటాతో ముక్కు ముందు ఆడిస్తే తల వెనక్కి లాక్కుంది. తాకిస్తే పారిపోయింది. ఇక్కడ చాలామంది కంగారుపడి నోరు తెరిచి కుక్కడం మొదలుపెడతారు. సాయంగా తినిపించడం అనేది ఉంది, అవసరమైనప్పుడు ప్రాణం నిలబెడుతుంది కూడా. కానీ అది ఆఖరి మెట్టు. లోపల ఇంకా కొంత సొన ఉన్న పిల్ల, బరువు నిలకడగా ఉన్న పిల్ల ఆకలితో చచ్చిపోయే స్థితిలో ఉండదు. భయపెట్టి మింగించింది కక్కేస్తే మాత్రం ఒంట్లో నీరు పోతుంది, గొంతు పుండు పడుతుంది, మళ్ళీ తిండి దగ్గరకి రానివ్వదు. కక్కిన పిల్లకి పది రోజులైనా విశ్రాంతి ఇవ్వకుండా మళ్ళీ పెట్టడమూ ప్రమాదమే. అందుకే నేను చేసిందల్లా డబ్బా చుట్టూ నల్లగుడ్డ కప్పడం, వెచ్చగా ఉన్న వైపు 29 డిగ్రీలు దాటకుండా థర్మోస్టాట్ సరిచూసుకోవడం, రెండు మూడు రోజులు మూత తీయకపోవడం. తర్వాత చిన్న కప్పులో తడి టిష్యూ, పక్కన ముక్క, మధ్యలో వంకీని పెట్టి, గాలి రంధ్రాల మూత వేసి రాత్రంతా చీకట్లో వదిలేసేదాన్ని. పొద్దున్నే చూస్తే ముక్క అలాగే ఉండేది. కొన్ని రోజులాగి, ముక్కని వేడినీళ్ళలో కడిగి దాని వాసన తగ్గించి పెట్టాను. వినడానికి వింతగా ఉంటుంది గానీ కొన్ని కార్న్ స్నేక్ పిల్లలకి ఎలుక వాసన నచ్చదు, అడవిలో వాటి వయసు పిల్లలు చిన్న బల్లుల్ని ఎక్కువగా తింటాయి. కడిగాక మాంసం వాసనొక్కటే మిగులుతుంది.

ఆ రాత్రి మాత్రం నేను ఎర్రటి బెడ్‌లైట్ వెలుగులో దూరంగా కూర్చుని చూశాను. వంకీ ముక్క చుట్టూ ఒకసారి తిరిగింది. నాలుక నెమ్మదిగా బయటికి వచ్చి, కాసేపు గాల్లోనే ఆగి, లోపలికి వెళ్ళింది. ఒక కొసని పట్టుకుంది. పాము కింది దవడ రెండు సగాలు ముందువైపు ఎముకతో కలిసి ఉండవు, సాగే కణజాలంతో కలిసి ఉంటాయి. కుడి సగం ముందుకి, ఎడమ సగం ముందుకి, మళ్ళీ కుడి. అలా నోరే తిండి మీద నడుచుకుంటూ వెళ్తుంది. నోరంతా నిండినప్పుడు నోటి అడుగునుంచి సన్నటి గొట్టం బయటికి తోసుకొచ్చింది. అది గాలిగొట్టం కొస. మింగుతున్నంతసేపూ ఊపిరి ఆగకుండా ఆ ఏర్పాటు. ముద్ద గొంతు దాటి, గుండె దాటి, ఒంటి మధ్యన ఆగింది. వంకర దానికి చాలా వెనక ఉంది. ఎక్స్‌రేలో చూసిన లెక్క కళ్ళముందు నిజమైంది.

తర్వాతి రోజులు నిజంగా గడ్డుగా గడిచాయి. ఉబ్బు మూడో రోజుకి కరిగిపోయింది, అరిగిందన్నమాట. తోబుట్టువులు తిన్న నాలుగైదు రోజుల్లో విసర్జించేవి. వంకీ డబ్బాలో టిష్యూ తెల్లగానే ఉంటోంది. వారం దాటింది. వంకరకి ముందు ఒళ్ళు కాస్త లావుగా కనిపించడం మొదలైంది. వేలు పెట్టి చూస్తే గట్టిగా ఏదో తగిలింది. పాములు మూత్రాన్ని నీళ్ళలా కాకుండా యూరిక్ ఆమ్లంగా, తెల్లటి సుద్దలా విసర్జిస్తాయి. ఒంట్లో నీరు తగ్గితే ఆ సుద్ద గట్టిపడి దారికి అడ్డంపడుతుంది.

డాక్టర్ గారికి ఫోన్ చేస్తే రెండు విషయాలు గట్టిగా చెప్పారు. ఇంకో ముద్ద పెట్టొద్దు. వేళ్ళతో పిండి బయటికి నెట్టొద్దు, అతుక్కున్న పూసల దగ్గర పేగు నలిగి చిరిగిపోవచ్చు. చేయాల్సింది నీళ్ళ స్నానం. అడుగు తడిసేంత నీళ్ళు, ఒంటి మందంలో సగం దాటకుండా, 28 డిగ్రీల వేడి. బలహీనంగా ఉన్న పిల్ల లోతు నీళ్ళలో అలసిపోయి మునిగిపోతుంది కాబట్టి పక్కనే కూర్చోవాలి, లేచి వెళ్ళకూడదు. ఇరవై నిమిషాలు అలా ఉంచి, తుడిచి, వెచ్చటి చోట వదిలేయాలి. నీళ్ళలో పెట్టగానే వంకీ తల దించి చాలాసేపు తాగింది. గొంతు కండరాలు లయగా కదులుతుంటే, దాహంగా ఉందన్నమాట అని కడుపు తరుక్కుపోయింది. వెంటనే గిన్నె మార్చాను, దాని ఒళ్ళంతా పట్టే వెడల్పు గిన్నె, తక్కువ అంచుది పెట్టాను. డబ్బాలో ఒక మూల తడి నాచు ఉన్న చిన్న గూడు కూడా పెట్టాను, అప్పటికి బొడ్డు పూర్తిగా మూసుకుంది కాబట్టి.

సాయంత్రాలు ఆ స్నానం మా ఇంట్లో ఒక అలవాటైపోయింది. ఒక సాయంత్రం తమ్ముడు కాపలా కూర్చున్నాడు, నేను వేరే పనిలో ఉన్నాను. "అక్కా! అక్కా! వచ్చేసింది!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. నీళ్ళలో ముందు తెల్లటి సుద్దముక్క, గట్టిది, దాని వెనక మెత్తటి నల్లటి మలం. ఇద్దరం ఆ గిన్నె మీదకి వంగి అలా చూస్తూ నిలబడిపోయాం. ఫొటో తీసి డాక్టర్ గారికి పంపితే, "శుభం. దారి ఉంది, ఇరుకే గానీ మూసుకుపోలేదు" అని రాశారు. పాముల్ని పెంచే ఆ అన్నకి కూడా పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేసి, ఎంత తినిపిస్తున్నావు, ఎన్ని రోజులకి పెడుతున్నావు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు.

ఇప్పుడు మా పద్ధతి స్థిరపడింది. తోబుట్టువులకి ఇచ్చే దానిలో సగం పరిమాణం, ముందరిది బయటికి వచ్చిందని కళ్ళతో చూశాకే తర్వాతిది. తేదీలని బట్టి తినిపించడం వంకీకి కుదరదు. తిన్నాక రెండు రోజులు దాన్ని ఎత్తను. ఎత్తినప్పుడు వంకరకి ముందు ఒక వేలు, వెనక ఒక వేలు ఆనించి, ఆ చోటు గాల్లో వేలాడకుండా పట్టుకుంటాను. పట్టుకున్న ప్రతిసారీ ముందూ వెనకా చేతులు సబ్బుతో కడుక్కుంటాం, సరీసృపాల నుంచి సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకుతుంది కాబట్టి ఇంట్లో అందరికీ అదే నియమం. కార్న్ స్నేక్‌లకి ఎక్కడమంటే ఇష్టం, వంకీకీ అంతే, కానీ పట్టు జారితే దెబ్బ ఆ చోటే తగులుతుంది. అందుకని కొమ్మని నేలకి దగ్గరగా, అడ్డంగా అమర్చాం. బరువు 19 గ్రాములకి వచ్చింది. తోబుట్టువులు దాన్ని దాటిపోయాయి, వాటితో పోల్చడం మానేశాను. దాని పోయిన వారంతో దాన్ని పోల్చుకుంటే చాలు.

వంకర తగ్గదు. అతుక్కున్న పూసలు విడవవు. ఒళ్ళు పెరిగేకొద్దీ ఆ చోటు ఎలా మారుతుందో చూడటానికి కొంత బరువు వచ్చాక మరో ఎక్స్‌రే తీయాలన్నారు. వంకీని ఎవరికీ ఇవ్వను, జత కట్టించను. లోపం వారసత్వంగా వచ్చిందో లేదో తెలియనప్పుడు దాన్ని ఇంకో తరానికి అంటగట్టడం అన్యాయం. ఇంకో కారణం కూడా ఉంది. తమ్ముడు మొదటినుంచీ ఆడపిల్లే అంటున్నాడు గానీ ఇంకా తేలలేదు, పెద్దదయ్యాక డాక్టర్ గారు చూసి చెబుతామన్నారు. ఆడదే అయితే, జత లేకపోయినా కొన్ని పాములు గొడ్డు గుడ్లు పెడతాయి. అవి ఆ ఇరుకులోంచి రావడం కష్టం. అందుకని ఆ వయసు వచ్చేలోపే స్కానింగ్ చేయించి, గుడ్లు తయారవుతున్న జాడ ఉంటే ఏం చేయాలో ముందే నిర్ణయించుకుందామని ఆవిడతో మాట్లాడి పెట్టుకున్నాను.